పని ఆగినా అలసట ఎందుకు ఆగడం లేదు? (పీహెచ్‌డీ, పీజీ విద్యార్థుల చర్చ)

సగంథీసిస్:
పీహెచ్‌డీ మూడో ఏడు. 2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారి అని చెప్పేనాటికి నా ఫీల్డ్ వర్క్ సగంలో ఉంది. ఆ తర్వాత ప్రయాణాలు ఆగాయి, ఇంటర్వ్యూలు ఆగాయి, లైబ్రరీ మూతపడింది. ఏడాది దాటిపోయింది. లెక్కప్రకారం నాకు పని తగ్గినట్టే. ఎక్కడికీ వెళ్లేది లేదు, పాఠం చెప్పేది కూడా కూర్చున్నచోటి నుంచే. నిద్ర ఇదివరకటి కన్నా ఎక్కువే పోతున్నా. మరి ఇంత అలసట ఎక్కడి నుంచి వస్తోంది? ఒక పేరా చదివి, ఏం చదివానో తెలియక మళ్లీ అదే చదువుతున్నా. రెండు లైన్ల మెయిల్‌కు జవాబివ్వడం కూడా వాయిదా వేస్తున్నా.

మీలో ఇంకెవరికైనా ఇలా ఉందా? ఉంటే ఎలా నెట్టుకొస్తున్నారు? ‘ధైర్యంగా ఉండండి’ అనే మాట ఇప్పటికే చాలామంది చెప్పారు. మీకు జరిగింది చెప్పండి చాలు.

సెల్‌కల్చర్:
ఉంది. మాది బయాలజీ ల్యాబ్. మూసేయమని చెప్పినప్పుడు చేతికందిన కణాలన్నీ ద్రవ నత్రజనిలో దాచి, నడుస్తున్న ప్రయోగాలు వదిలేసి వచ్చాం. పక్క ల్యాబ్‌లో ఎలుకల సంఖ్యను బాగా తగ్గించుకోవాల్సి వచ్చింది. ఒక ప్రత్యేక జన్యురకం ఎలుకలు పోతే వాటిని మళ్లీ అదే స్థాయికి పెంచడానికి నెలలు పడుతుంది. అక్కడ చేస్తున్న అమ్మాయి ఎలుకలను చంపే ఆ పని తన చేతులతోనే చేసింది. ఆ రోజు గురించి ఇప్పటికీ మాట్లాడదు.

తెరిచాక షిఫ్టులు పెట్టారు. మీ టైం అయిపోగానే గది ఖాళీ చేయాలి, ప్రయోగం ఏ దశలో ఉన్నా సరే. మీకు పని తగ్గిందంటున్నారు. నాకు తగ్గలేదు, ముక్కలైంది. ఎక్కడ ఆపామో గుర్తు తెచ్చుకుని మొదలుపెట్టేసరికే సగం ఓపిక పోతుంది. ఈ వారం మొదలుపెట్టినది వచ్చేవారం కొనసాగించనిస్తారో లేదో తెలియదు. అసలు చేసే పని కన్నా ఈ తెలియకపోవడమే నన్ను ఎక్కువ అరగదీస్తోంది.

గణాంకం:
సైకాలజీలో రీసెర్చ్ చేస్తున్నాను. సగంథీసిస్ గారూ, మీరు ఒంటరిగా లేరని చెప్పడానికి కొన్ని అంకెలు ఇస్తాను.

ఇది కోవిడ్‌తోనే మొదలైంది కాదు. 2017లో బెల్జియంలోని ఫ్లాండర్స్ ప్రాంతంలో 3,659 మంది పీహెచ్‌డీ విద్యార్థులపై వచ్చిన అధ్యయనంలో, దాదాపు మూడోవంతు మంది మానసిక రుగ్మత వచ్చే ప్రమాదంలో ఉన్నట్టు తేలింది. 2018లో నేచర్ బయోటెక్నాలజీ అనే పరిశోధన పత్రికలో ఇంకో సర్వే వచ్చింది. 26 దేశాల నుంచి 2,279 మంది జవాబిచ్చారు. వాళ్లలో 39 శాతం మందిలో మధ్యస్థం నుంచి తీవ్రస్థాయి డిప్రెషన్ కనిపించింది. మహమ్మారి వచ్చింది ఈ పరిస్థితి మీదకి.

2020 మే నుంచి జులై వరకు అమెరికాలో తొమ్మిది ప్రభుత్వ పరిశోధన విశ్వవిద్యాలయాల్లో ‘సెరు’ కన్సార్షియం (విద్యార్థుల అనుభవాలపై సర్వేలు చేసే విశ్వవిద్యాలయాల బృందం) వాళ్లు సర్వే చేశారు. పీజీ, ప్రొఫెషనల్ కోర్సుల వాళ్లలో 32 శాతం మంది డిప్రెషన్ ప్రశ్నావళిలో, 39 శాతం మంది యాంగ్జైటీ (ఆందోళన) ప్రశ్నావళిలో పాజిటివ్, అంటే ఆ లక్షణాలు ఉన్నట్టు తేలింది. డిప్రెషన్ అంకె 2019తో పోలిస్తే రెండింతలు.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఇవి స్క్రీనింగ్ ప్రశ్నావళులు, డాక్టరు చేసే నిర్ధారణ కాదు. బాధలో ఉన్నవాళ్లు ఇలాంటి సర్వేలకు ఎక్కువగా స్పందించే అవకాశమూ ఉంది. ఆ మేరకు కొంత తగ్గించి చూసినా, మిగిలేది చిన్న సంఖ్య కాదు.

దూరపుబంధువు:
నేను వేరే దేశంలో చదువుతున్నాను. సరిహద్దులు మూసేశాక అమ్మమ్మ పోయింది. వీడియోలో చూశాను, నెట్ మధ్యలో ఆగిపోయింది. మరుసటి రోజు ఆన్‌లైన్ సెమినార్‌లో నా వంతు ఉంది, చెప్పేశాను. ఎవరికీ చెప్పలేదు, చెబితే వాయిదా వేస్తారనీ, వాయిదా పడితే వీసా గడువుకు ముందు అయ్యే పని వెనక్కి పోతుందనీ.

ఇప్పుడు ఏ పనీ చేయబుద్ధి కాదు. దీన్ని అలసట అనొచ్చో లేదో నాకు తెలియదు.

పాలపొద్దు:
దూరపుబంధువు, అది దుఃఖం తల్లీ. ఏడవడానికి చోటు దొరకని దుఃఖం. నలుగురు కూర్చుని ఆమె గురించి మాట్లాడుకోవాల్సింది, అదే జరగలేదు. ఇప్పుడైనా మీ వాళ్లతో ఒక పూట కూర్చోండి, ఫోన్‌లోనే అయినా. సెమినార్ గురించి కాదు, ఆమె గురించి.

నా సంగతి. ఇద్దరు పిల్లలు, బడి మూసేశారు. రాసుకోవడం అంటే వాళ్లు నిద్రపోయాకే. ఒక్కో రోజు వాక్యం మొదలుపెట్టి మర్నాడు రాత్రి పూర్తి చేస్తాను. మా బ్యాచ్‌లో పిల్లలు లేనివాళ్లు ఈ ఏడాదిలో రెండు పేపర్లు పంపారని విన్నప్పుడు సంతోషించాలి కదా, సంతోషించలేకపోయాను. లాక్‌డౌన్‌లో అందరికీ ఒకే తుఫాను అన్నారు, అందరి ఇళ్లూ ఒకటి కావు.

నిలదీత:
అసలు మాట ఎవరూ అనడం లేదు కాబట్టి నేనంటాను. మా విభాగం ఈ ఏడాది ఇచ్చినవి: మానసిక దృఢత్వంపై ఆన్‌లైన్ ఉపన్యాసాలు, శ్వాస వ్యాయామాల వీడియో లింకులు, కృతజ్ఞతా డైరీ రాయమని సలహా. ఇవ్వనిది: టైం. ఫెలోషిప్ ఆగే తేదీ మారలేదు. సమర్పించాల్సిన తేదీ మారలేదు. తట్టుకునే శక్తి మీలోనే ఉంది అని చెప్పడం అంటే, తట్టుకోలేకపోతే తప్పు మీదే అని చెప్పడం.

ఇవ్వలేక కాదు. బ్రిటన్‌లో పరిశోధనలకు ప్రభుత్వ నిధులిచ్చే సంస్థ యూకేఆర్‌ఐ 2020 ఏప్రిల్‌లోనే తన నిధులతో చదివే చివరి ఏడాది విద్యార్థులకు ఆరు నెలల దాకా స్టైపెండ్‌తో సహా పొడిగింపు ప్రకటించింది. అది అందరికీ అందలేదని, చాలలేదని అక్కడి విద్యార్థులు పోట్లాడారు, అదీ నిజమే. కానీ మనసు గట్టిచేసుకోమని చెప్పే ఉపన్యాసం కన్నా జీతం చేతికొచ్చే ఆరు నెలలు ఎక్కువ పని చేస్తాయి.

సెల్‌కల్చర్:
నిలదీత గారూ, కోపం అర్థమైంది, నిధుల విషయంలో మీతోనే ఉన్నాను. ఒక్కచోట మాత్రం ఒప్పుకోలేను. పొడిగింపు వచ్చినా నాకు ఉదయం లేవబుద్ధి కాలేదు. నన్ను లేపింది మా ముగ్గురి ఒప్పందం: రోజూ ఒకే సమయానికి కెమెరా ఆపేసి కాల్‌లో కూర్చోవడం, ఏం చేయబోతున్నామో ఒక వాక్యం చెప్పడం, పని చేసుకోవడం, చివర ఏం అయిందో చెప్పడం. అవ్వకపోతే అవ్వలేదని చెప్పడం. సలహాలు ఇచ్చుకోం. ఇది కూడా చిన్నదే, కానీ దీన్ని ఏ యూనివర్సిటీ ఇవ్వలేదు, మేమే చేసుకున్నాం. మనం చేయగలిగేది ఏమీ లేదన్న మాట నన్ను ఇంకా కుంగదీస్తుంది.

నిలదీత:
మీరు చెప్పిన ఒప్పందం మంచిదే. అది ఒక్కరి మనోబలం కాదు, ముగ్గురి ఏర్పాటు. నేనూ అదే అంటున్నాను.

గణాంకం:
ఇక్కడ మీ ఇద్దరి మాటా కలిసే చోటు ఒకటుంది, దాని గురించి కొంచెం వివరంగా రాస్తాను.

తట్టుకుని నిలబడటం గురించి పరిశోధించిన ఆన్ మాస్టెన్ 2001లో రాసిన వ్యాసంలో ముఖ్యమైన సంగతి చెప్పారు. కష్టాల్లో పెరిగినా నిలదొక్కుకున్న పిల్లల్లో అసాధారణమైన గుణాలు వెతికితే దొరికినవి మామూలువే: పట్టించుకునే ఒక పెద్ద మనిషి, నేర్చుకునే అవకాశం, తన చేతిలో కొంతైనా ఉందన్న భావన, సాటివాళ్లు. వీటిని తీసేస్తే గట్టి పిల్లలైనా కుంగిపోయే ప్రమాదం ఎక్కువ. ఆవిడ పరిశోధన పిల్లల మీద జరిగింది. రీసెర్చ్ స్కాలర్లకు పోల్చి చూడటం నా అభిప్రాయం మాత్రమే. కానీ చూడండి, లాక్‌డౌన్ సరిగ్గా ఏం తీసేసింది? కారిడార్‌లో గైడ్‌తో రెండు నిమిషాల మాట. పక్క బల్ల మీద మనలాగే తిప్పలు పడుతున్న మనిషి. ఇవాళ ఇంత అయింది అని కంటికి కనిపించే పని. నిలబెట్టే మామూలు వస్తువులన్నీ ఒకేసారి పోయాయి. అవి పోయాక ‘నీలో బలం ఉంది, బయటికి తీయి’ అంటే ఎలా?

ఇప్పుడు సగంథీసిస్ గారి అసలు ప్రశ్నకు వస్తాను, నిద్రపోయినా ఎందుకు తీరడం లేదని. ఒత్తిడి వచ్చినప్పుడు శరీరం కార్టిసాల్, అడ్రినలిన్ లాంటి హార్మోన్లు విడుదల చేసి సిద్ధమవుతుంది, అది మంచిదే. గండం గడిచాక మామూలు స్థితికి రావాలి. గండం ఎప్పుడు గడుస్తుందో తెలియకపోతే ఆ సిద్ధం కావడం ఆగదు. దీర్ఘకాలంలో శరీరం మీద పడే ఈ అరుగుదలకు శాస్త్రవేత్త బ్రూస్ మెక్‌యూయెన్ 1993లో సహ రచయితతో కలిసి ‘అలోస్టాటిక్ లోడ్’ అని పేరు పెట్టారు. బండి కదలకపోయినా ఇంజన్ ఆన్‌లో ఉంటే పెట్రోలు అయిపోతూనే ఉంటుంది కదా, అలాంటిది. పైగా, పొద్దున వెలుతురులో నడిచి వెళ్లడం, ఒక వేళకు లేవడం, మనుషుల మధ్య ఉండటం లాంటివి మన శరీరంలోని గడియారాన్ని సరిచేస్తాయి. గది దాటకపోతే ఆ గడియారం సడలుతుంది. తొమ్మిది గంటలు పడుకున్నా విశ్రాంతి కాకపోవడానికి ఇదొక కారణం.

ఆన్‌లైన్ మీటింగుల సంగతి వేరు. అవి మనల్ని ఎందుకు అలసిపోయేలా చేస్తాయో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన జెరెమీ బెయిలెన్సన్ 2021లో నాలుగు కారణాలు చూపారు. తెర మీద మనుషుల ముఖాలు చాలా దగ్గరగా, అదే పనిగా చూస్తూ ఉంటాయి. తల ఊపడం, చూపు కలపడం లాంటివి మామూలుగా వాటంతటవే జరిగేవి, ఇక్కడ మనం ప్రయత్నపూర్వకంగా చేయాలి. మన ముఖాన్ని మనమే గంటల తరబడి చూసుకుంటూ ఉంటాం. కెమెరా ఫ్రేములో ఉండాలని కదలకుండా కూర్చుంటాం. మన ముఖం మనకు కనిపించకుండా పెట్టుకోవడం, వీలైన మీటింగును ఫోన్‌లో నడుస్తూ మాట్లాడటం, ఈ రెండూ నాకు బాగా పనిచేశాయి.

దూరపుబంధువు:
గణాంకం గారూ, ‘నిలబెట్టే మామూలు వస్తువులన్నీ ఒకేసారి పోయాయి’ అన్న వాక్యం మా గైడ్‌కు పంపించాను. పాలపొద్దు అక్కా, ఆదివారం ఇంట్లో అందరం కాల్‌లో కూర్చున్నాం. చాలాసేపు మాట్లాడుకున్నాం. చాలా ఏడ్చాను.

పాలపొద్దు:
మంచి పని చేశావు తల్లీ.

డ్యూటీడాక్టర్:
నేను మెడికల్ పీజీని. కోవిడ్ వార్డులో డ్యూటీ చేస్తూ థీసిస్ రాస్తున్నాను. మా సంగతి వేరే చర్చ అవుతుంది, ఇప్పుడొద్దు. ఒక్క విషయం చెప్పకపోతే తప్పవుతుందని రాస్తున్నాను.

అలసట అంతా మనసు వల్లే అనుకోకండి. రక్తహీనత, థైరాయిడ్ తక్కువ పనిచేయడం, విటమిన్ బి12 లోపం, సరిగ్గా ఊపిరాడని నిద్ర, కొన్ని మందులు, ఇవన్నీ ఇలాగే కనిపిస్తాయి. మామూలు రక్తపరీక్షలతో వీటిలో చాలావరకు తెలుస్తాయి. ముందు అది చేయించుకోండి.

కోవిడ్ వచ్చి తగ్గినవాళ్లు ఇంకా జాగ్రత్త. కొందరికి స్వల్పంగా వచ్చినా నెలల తరబడి నీరసం, ఊపిరాడకపోవడం, ఏకాగ్రత లేకపోవడం మిగులుతున్నాయి. దీనికి ‘లాంగ్ కోవిడ్’ అనే పేరును 2020లో రోగులే వాడుకలోకి తెచ్చారు, డాక్టర్లం తర్వాత అందుకున్నాం. ఇలాంటి వాళ్లలో కొందరు కాస్త ఎక్కువ శ్రమ పడితే ఆ రోజు బాగానే ఉండి, మర్నాడో ఆ మర్నాడో మంచాన పడతారు. వాళ్లకు ‘రోజూ కొంచెం కొంచెం పెంచుకుంటూ పో’ అన్న సలహా హాని చేయవచ్చు. శక్తి అయిపోకముందే ఆపాలి. చదవడం, మీటింగులో కూర్చోవడం కూడా శ్రమే అని లెక్కలో వేసుకోవాలి.

ఏదో ఒక రోజు ‘నేను లేకపోతే అందరికీ మేలు’ అన్న ఆలోచన వస్తే, దాన్ని అలసట అని పక్కన పెట్టకండి. అదే రోజు ఒక మనిషికి చెప్పండి, డాక్టరునో కౌన్సెలరునో కలవండి, మీ దగ్గర ఉన్న హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. ఎవరైనా మీకు అలా చెబితే ఆ రాత్రి వాళ్లను ఒంటరిగా ఉంచకండి.

సగంథీసిస్:
డ్యూటీడాక్టర్ గారూ, ఇక్కడి డాక్టరు పరీక్షలకు రాసిచ్చారు, రేపు వెళ్తున్నాను.

ఇంకో ప్రశ్న. మా యూనివర్సిటీ థీసిస్‌తో పాటు ‘కోవిడ్ ప్రభావ ప్రకటన’ ఇవ్వొచ్చంటోంది. ఏం రాయాలి? అలసిపోయానని రాస్తే నవ్వుతారేమోనని భయం. అందరికీ జరిగిందే కదా, నాకు ప్రత్యేకంగా ఏమైందని అడిగితే?

నిలదీత:
రాయండి. వాళ్లు ఇస్తామన్నది వదులుకోకండి.

పాతగైడు:
ఇన్నాళ్లూ చదువుతూ ఉన్నాను, రాయలేదు. విద్యార్థుల చర్చలో గైడ్ దూరితే మాటలు ఆగిపోతాయని. ఇప్పుడు అడిగింది నాకు తెలిసిన విషయం కాబట్టి రాస్తున్నాను. థీసిస్‌లు పరీక్షించే వాడిగా ఇలాంటి ప్రకటనలు ఈ ఏడాది చదివాను.

అలసిపోయానని రాయండి, దానికి ఎవరూ నవ్వరు. కానీ పరీక్షకుడికి కావాల్సింది వేరే. మొదట ఏం చేయాలనుకున్నారు, ఏ తేదీ నుంచి ఏది ఆగిపోయింది, దాని బదులు ఏం చేశారు, అందువల్ల థీసిస్‌లో ఏ ప్రశ్నకు జవాబు మారింది లేదా మిగిలిపోయింది. మీ విషయంలో ఎదురుగా కూర్చుని చేయాల్సిన ఇంటర్వ్యూలు ఫోన్‌లో చేశారనుకుందాం. ఫోన్‌లో ఎవరు దొరికారు, ఎవరు దొరకలేదు అన్నది రాయండి. ఫోన్ లేని వాళ్లు, ఇంట్లో ఏకాంతం లేని ఆడవాళ్లు మీ నమూనాలోంచి జారిపోయి ఉంటారు. అది మీ లోపం అన్నట్టు దాచకండి. దాన్ని చూడగలగడం పరిశోధకుడి పని. నేనైతే ఆ పేరాకు మార్కులు వేస్తాను.

‘అందరికీ జరిగిందే’ అన్న మాటకు పాలపొద్దు గారు జవాబు చెప్పేశారు. పిల్లల సంరక్షణ, అనారోగ్యం, ఇంట్లో మరణం, నెట్ లేకపోవడం, ఇవి రాయదగ్గ కారణాలే. ఆరోగ్య వివరాలు ఎంతవరకు చెప్పాలన్నది మీ ఇష్టం. ‘వైద్య కారణాల వల్ల ఫలానా నెల నుంచి ఫలానా నెల వరకు పని సాగలేదు’ అంటే చాలు, జబ్బు పేరు అడిగే హక్కు పరీక్షకుడికి లేదు. ఒక్కటి గుర్తుంచుకోండి, ఈ ప్రకటన చూసి ప్రమాణం తగ్గించరు. మీరు ఎందుకు దారి మార్చారో తెలుసుకుని చదువుతారు, అంతే.

ఇంకో సంగతి, గైడ్లు చదువుతుంటే వాళ్లకోసం. నా విద్యార్థులు ఈ ఏడాది ప్రతి మీటింగునూ క్షమాపణతో మొదలుపెట్టారు. పని అవ్వలేదని, కెమెరా ఆన్ చేయలేనని, వెనక పిల్లల గోల అని. బాగానే ఉంది పర్లేదు అని నోటితో ఎన్నిసార్లు చెప్పినా వాళ్ల భయం పోలేదు. పోయింది ఎప్పుడంటే, ఒక్కొక్కరితో కూర్చుని థీసిస్‌లోంచి ఏ అధ్యాయం తీసేస్తున్నామో, మిగిలినదానితో డిగ్రీకి సరిపోతుందని రాసి, మెయిల్‌లో పెట్టినప్పుడు. కాగితం మీద ఉన్నదాన్ని రాత్రి రెండింటికి భయం వేసినప్పుడు తెరిచి చదువుకోవచ్చు. నోటిమాటను అలా చదువుకోలేరు.

సెల్‌కల్చర్:
సార్, అలాంటి మెయిల్ అడగడం ఎలా? మా గైడ్ మంచివారే, కానీ ఆయనే మునిగిపోయి ఉన్నారు. నేను అడిగితే ‘తర్వాత చూద్దాం’ అంటారు.

పాతగైడు:
మీరే రాసి పంపండి. ‘నిన్నటి మాటలో నాకు అర్థమైంది ఇది: మూడో ప్రయోగం వదిలేస్తున్నాం, మొదటి రెండింటితో థీసిస్ సమర్పించవచ్చు. పొరపాటైతే శుక్రవారంలోగా చెప్పగలరు’ అని. నాలుగు లైన్లు చాలు. మునిగిపోయి ఉన్న మనిషికి కొత్తగా రాయడం కష్టం, ‘అవును’ అనడం తేలిక. అవును అని వస్తే దాచుకోండి. శుక్రవారానికి ఏమీ రాకపోతే ఒకసారి ఫోన్ చేయండి, అప్పటికీ రాకపోతే డాక్టరల్ కమిటీలో ఇంకొకరికి కాపీ పెట్టండి. అది ఫిర్యాదు అవ్వదు.

నిలదీత:
పాతగైడు గారూ, ఇది విభాగం స్థాయిలో ఎందుకు చేయకూడదు? ఒక్కో విద్యార్థి ఒక్కో మెయిల్ రాసుకోవడం కన్నా అందరికీ కలిపి గడువు పెంచమని అడిగితే?

పాతగైడు:
చేయాలి. మా దగ్గర విద్యార్థులు కలిసి ఒక పట్టిక తయారుచేశారు, పేర్లు లేకుండా. ఎంతమందికి ల్యాబ్ ఎన్ని నెలలు మూసి ఉంది, ఎంతమందికి ఫీల్డ్ వర్క్ ఆగింది, ఎవరి ఫెలోషిప్ ఎప్పుడు అయిపోతోంది. దాన్ని అకడమిక్ కౌన్సిల్ ముందు పెడితే వాదించడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. బాధను చెప్పినప్పుడు సానుభూతి వచ్చింది, నెలల లెక్క పెట్టినప్పుడు పొడిగింపు వచ్చింది. అడిగిన వాళ్లందరికీ రాలేదు. స్వయంగా డబ్బు కట్టుకుని చదువుతున్నవాళ్లు మిగిలిపోయారు, వాళ్ల కోసం ఇంకా అడుగుతున్నాం.

పాలపొద్దు:
ఆ పట్టికలో పిల్లలున్న వాళ్లకు, ఇంట్లో రోగులను చూసుకునేవాళ్లకు కూడా ఒక గడి పెట్టండి. మూసి ఉన్న నెలలు మాత్రమే లెక్కిస్తే మేం కనబడం. మా లైబ్రరీ ఎప్పుడో తెరిచారు, నేనే వెళ్లలేకపోతున్నాను.

నిలదీత:
పెడతాను అక్కా. ఇవాళే మా బ్యాచ్‌కు పంపుతున్నాను. గడులు: ఆగిన పని, ఆగిన నెలలు, ఇంటి బాధ్యత, ఫెలోషిప్ ఆఖరు తేదీ, సొంత ఖర్చా కాదా. ఇంకేమైనా ఉంటే చెప్పండి.

దూరపుబంధువు:
వీసా ఆఖరు తేదీ.

డ్యూటీడాక్టర్:
కోవిడ్ డ్యూటీకి మళ్లించిన నెలలు. మా పీజీలు చాలామంది తమ స్పెషాలిటీ శిక్షణ అలాగే పోగొట్టుకున్నారు.

సగంథీసిస్:
రిపోర్టు వచ్చింది. హిమోగ్లోబిన్ తక్కువగా ఉంది, మందులు మొదలుపెట్టాను. అదే మొత్తం కారణం కాదని డాక్టరు కూడా చెప్పారు. సెల్‌కల్చర్ గారూ, మీ ఉదయం కాల్‌లో నాలుగో మనిషికి చోటుంటే నేను వస్తాను. కెమెరా ఆపేసే ఉంటాను. ప్రభావ ప్రకటన మొదటి పేరా రాశాను, ఫోన్‌లో దొరకని వాళ్ల గురించే.

సెల్‌కల్చర్:
చోటుంది. లింక్ మెసేజ్‌లో పెట్టాను. ఉదయం ఎనిమిదిన్నరకు.